స్విచ్చి బాబాయి

ప్రతి ఇంట్లోనూ ఒక స్విచ్చి బాబాయి ఉంటాడు. కొన్ని ఇళ్ళలో ఆయన మామగారు, కొన్నిచోట్ల మేనత్త. పదవి మాత్రం ఒకటే. పేపరు చదువుతున్నట్టే కనిపిస్తాడు గానీ చూపంతా గీజరు ఎర్ర దీపం మీదే. వేసిన ఐదో నిమిషానికి "ఒరేయ్, కాగాయిరా, వెళ్ళు!" అంటాడు. పదో నిమిషానికి "అమ్మాయ్, గీజరు కట్టేశావా?" అని వంటింట్లోకి కేక. లోపల ఒంటినిండా సబ్బు రాసుకున్నవాడు చన్నీళ్ళు పడి కెవ్వుమంటే, కరెంటు బిల్లు తగ్గిన చప్పుడు విన్నట్టు తృప్తిపడతాడు. చుట్టాల్లో ఆయనకు మహా పొదుపరి అని పేరు. నా పేచీ ఆ పేరుతోనే. బాబాయి కాపలా కాసేది కంటికి కనిపించే దీపాన్ని. డబ్బు పోయేది కనిపించని ట్యాంకులో.

లెక్క ఆయన పద్ధతిలోనే వేద్దాం. మామూలు ఇంటి గీజరు 15 లీటర్లు, 2000 వాట్లు. గంటకు రెండు యూనిట్లని బాబాయికి కంఠస్థం. కాబట్టి ఎవరైనా రెండు గంటలు మరిచిపోతే నాలుగు యూనిట్లు తగలబడ్డాయని భోజనాల దగ్గర ప్రకటిస్తాడు. కానీ 25 డిగ్రీల నీళ్ళు 60 డిగ్రీలకు చేరడానికి పట్టేది సుమారు 0.6 యూనిట్; ఇరవై నిమిషాల్లోపు పని. ఆ తర్వాత థర్మోస్టాట్ తనంతట తనే కరెంటు ఆపేస్తుంది, నీళ్ళు చల్లారితే కాసేపు మళ్ళీ అందుకుంటుంది. నీళ్ళు వాడనంతసేపు రెండో గంటలో పోయేది రెండు యూనిట్లలో చిన్న ముక్క. లోపల అలాంటి ఉద్యోగి ఒకడున్నాడని బాబాయి ఒప్పుకోడు. ఒప్పుకుంటే తన ఉద్యోగం పోతుంది. పైగా నీళ్ళు త్వరగా కాగాలని థర్మోస్టాట్ మరను చివరికంటా తిప్పి పెడతాడు. తిప్పినంత మాత్రాన త్వరగా కాగవు, కాయిల్ బలం అదే 2000 వాట్లు. నీళ్ళు అక్కర్లేనంత వేడెక్కుతాయి, అంతే. వాటిలో మళ్ళీ చన్నీళ్ళు కలుపుకుని పోసుకోవాలి.

అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. ఉప్పు నీళ్ళు ఎంత మరిగితే అంత సున్నం దిగుతుంది. రాయలసీమ బోర్లు, హైదరాబాదు అపార్టుమెంట్ల బోర్లు ఎలాంటి నీళ్ళిస్తాయో బకెట్ల అంచున పేరుకున్న తెల్లటి చారలే చెబుతాయి. బాబాయి ఆ బకెట్‌ని పీచుతో అరిగేదాకా తోమిస్తాడు, అదే సున్నం కాయిల్ మీద వేలి మందాన పడితే మాత్రం ఆయన లోకంలో లేనట్టే. పొర కట్టిన కాయిల్ తన వేడిని నీళ్ళలోకి సరిగా పంపలేక లోలోపల మాడి, ఒకరోజు కాలిపోతుంది. ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ కూడా ఒకటుంటుంది. ఉక్కు ట్యాంకుకు తుప్పు పట్టకుండా అది తాను కరిగిపోతూ ఉంటుంది. ఏడాదికో రెండేళ్ళకో విప్పి చూడాలి, సన్నబడితే మార్చాలి. ఇక కింద బొట్లు కార్చే సేఫ్టీ వాల్వు ఉంది. 15 లీటర్లు బాగా వేడెక్కితే పావు లీటరు దాకా పెరుగుతాయి; ఆ ఒత్తిడి అటునుంచే పోవాలి. బాబాయికి అది నీటి వృథా. గుడ్డ చుట్టి, ఎం-సీల్ మెత్తి, బొట్టు ఆపిన వీరుడిలా చేతులు దులుపుకుంటాడు. థర్మోస్టాట్ చెడిపోయిననాడు ట్యాంకు పేలకుండా కాపాడేది ఆ వాల్వేనని ఎవరు చెప్పినా వినడు.

బాబాయి తరఫున చెప్పుకోవాల్సినవీ ఉన్నాయి. స్నానానికి ముందు స్విచ్చి కట్టేయడం మంచి అలవాటే. ఎర్తింగు మీద నమ్మకం లేని ఇళ్ళలో అయితే అది ప్రాణరక్షణ. వాడనప్పుడు ఆపితే కొంత కరెంటు మిగులుతుందన్నదీ నిజమే. "పన్నెండేళ్ళయింది, ఎవడూ ముట్టుకోలేదు, నిక్షేపంలా ఉంది" అన్న వాదన మాత్రం నిలవదు. తుప్పు లోపలినుంచి తింటుంది, గోడ తడిసేదాకా బయటపడదు, బయటపడ్డాక ట్యాంకుకు అతుకు సాధారణంగా నిలవదు. కడ్డీ ఖరీదు వందల్లో, కొత్త గీజరు వేలల్లో. "మెకానిక్కులు దొంగలు, లేని రిపేరు చెబుతారు" అనేది ఆయన ఆఖరి అస్త్రం. అందులో కొంత నిజముంది, కానీ అది దగ్గరుండి చేయించుకోవడానికి కారణమే తప్ప మానేయడానికి కాదు.

అందుకే బాబాయి స్వభావం మారాలని నేను కోరను. ఇంటికి ఒక అనుమానప్పక్షి ఉండాల్సిందే. ఆ అనుమానం స్విచ్చి దగ్గర్నుంచి ట్యాంకు దాకా జరిగితే చాలు. దసరాకు స్కూటరుకు నిమ్మకాయ కట్టే ఇల్లు, చలి మొదలవకముందే గీజరు కాయిల్‌కు నిమ్మ ఉప్పు నీళ్ళు పట్టించవచ్చు. ట్యాంకు అడుగు బురద వదిలించి, వాల్వుకు చుట్టిన గుడ్డ విప్పి, మరను 60 దగ్గర నిలపవచ్చు. కొత్త కడ్డీ వేశానని చెప్పి మెకానిక్ పాతదాన్నే తుడిచి పెట్టకుండా చూడ్డానికి బాబాయిని మించిన మనిషి ఊళ్ళో దొరకడు.