ఏటీఎం సుబ్బారావు

మా బావగారు మహా జాగ్రత్తపరులు. బీరువా తాళంచెవి వెంకటేశ్వరస్వామి పటం వెనక దాస్తారు. తీసేముందు పనిమనిషి వెళ్లిందో లేదో వీధి గుమ్మందాకా వెళ్లి చూసొస్తారు.

ఆ బీరువాలోని ఆధార్, పాన్, పాస్‌బుక్కు, ఇంటి దస్తావేజు మొత్తం ఆయన ఫోన్ గ్యాలరీలో ఉన్నాయి, మనవడి కేకు ఫొటోకీ తిరుపతి గుండు ఫొటోకీ మధ్య. లాక్ లేదా అంటే, ఉంది. ఎల్ ఆకారం గీత. నాలుగేళ్ల మనవడే నేర్పాడు.

మొన్న ఆయనతో జిరాక్సు షాపుకెళ్లాను. షాపు కుర్రాడు గోడమీది నంబరు చూపించి ‘వాట్సాప్ కొట్టండి సార్’ అన్నాడు. బావగారు ఈ-ఆధార్ పీడీఎఫ్ కొట్టారు. దాని పాస్‌వర్డు, పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. ఇంటి గుమ్మంమీద పేరు బోర్డు చదివితే సగం తాళం తెరుచుకున్నట్టే. కుర్రాడికి ఆ శ్రమ కూడా ఎందుకని, దాన్నీ కిందే టైపు చేసి, వెనక వరసలోవాళ్లకు వినపడేలా చదివారు. కంప్యూటరు డౌన్‌లోడ్స్‌లో మా వార్డు వార్డంతా కొలువుదీరి ఉంది. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. కావాలంటే ఆ తీర్పు కూడా అక్కడే ప్రింటు తీసుకోవచ్చు.

ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం 2022 మేలో, జిరాక్సులు ఎవరికిపడితే వాళ్లకివ్వకండి, చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి అంది. రెండు రోజుల్లో ఆ ప్రకటన వెనక్కి పోయింది. జనం అపార్థం చేసుకుంటారట.

ఇంటికొచ్చేసరికి వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ, ఏపీకే ఫైలు. ఇలాంటివాటిలో వధూవరులుండరు, మన ఓటీపీలు మోసుకుపోయేవాడుంటాడు. బావగారు నొక్కేస్తే, ఎస్సెమ్మెస్‌లు చదవనిమ్మని అడుగుతోంది. శుభలేఖకి మీ ఎస్సెమ్మెస్‌లెందుకు బావగారూ అన్నాను. ‘అంత మర్యాదగా పిలిచి అడుగుతుంటే కాదంటే ఏం బావుంటుందోయ్?’ అన్నారు. ఫోను లాక్కోవాల్సొచ్చింది.

‘ఏమైనా నా ఏటీఎం పిన్ను మాత్రం బ్రహ్మదేవుడికి కూడా దొరకదు’ అన్నారు మీసం దువ్వుతూ. ‘ఏటీఎం సుబ్బారావు’ అని పేరుపెట్టి, పది అంకెల నంబరుగా సేవ్ చేశారట. చివరి నాలుగూ పిన్ను.

ఉగాదికి ఆయన అందరికీ శుభాకాంక్షలు ఫార్వర్డ్ చేస్తే సుబ్బారావు నుంచి జవాబొచ్చింది: ‘మీకూ శుభాకాంక్షలు. తమరెవరండీ?’

అప్పట్నుంచీ ఇద్దరికీ రోజూ గుడ్‌మార్నింగులు. పాపం ఆయన అసలు పేరు వేరు, బావగారు మాత్రం సుబ్బారావుగారనే పిలుస్తారు. వచ్చే నెల వాళ్లమ్మాయి పెళ్లి. శుభలేఖ వాట్సాప్‌లో పంపిస్తారట.