తాళం వేసి ఇచ్చిన దానం

ఉచితం అంటే ఏమిటన్న ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్‌లో ప్రస్తుతం చెల్లుబాటవుతున్న నిర్వచనం ఒక్కటే: సొమ్ము జనానిది, చెయ్యి ప్రభుత్వానిది, ఫొటో నాయకుడిది. విద్యాహక్కు చట్టంలోనూ, తత్త్వశాస్త్రంలోనూ, సాఫ్ట్‌వేర్ ఉద్యమంలోనూ ఈ ప్రశ్నకు వేరే సమాధానాలు, అవి కూడా పాలకులను కాస్త ఇబ్బంది పెట్టే సమాధానాలు ఉన్నప్పటికీ, బటన్ నొక్కి పథకాల సొమ్ము విడుదల చేసే సభల్లో వాటికి కుర్చీలు వేసే ఆనవాయితీ లేదు. ఆ మూడింటినీ ఒక్క స్కూలు సంచిలో సర్ది, ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియకుండా జిప్పు వేసి, పల్నాడు పల్లెల్లోని సర్కారు బడులదాకా చేరవేసిన ఘనత మాత్రం ఈ రాష్ట్రానికే దక్కాలి.

ముందుగా చట్టం సంగతి. 2002లో 86వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 21-ఎ అధికరణం, దాని కోసం 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసిన చట్టం కలిసి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ‘ఉచిత నిర్బంధ విద్య’ను హక్కుగా ప్రకటించాయి. ఈ రెండు మాటలూ పక్కపక్కన చూసినవారికి పిల్లవాణ్ణి చెవి పట్టుకుని బడికి లాక్కుపోయే దృశ్యం తోస్తుందిగాని, చట్టం తెరిచి చూస్తే కథ తిరగబడుతుంది. బడి అందుబాటులో ఉంచడం, పిల్లలను చేర్చుకోవడం, వాళ్లు హాజరై ప్రాథమిక విద్య పూర్తిచేసేలా చూడటం ప్రభుత్వం తప్పించుకోరాని బాధ్యత అని ఎనిమిదో సెక్షన్ వివరిస్తుంది కాబట్టి, ఆ నిర్బంధం పడేది సర్కారు నెత్తిన. చదువు పూర్తికావడానికి అడ్డుపడే ఏ ఫీజూ, ఏ ఖర్చూ పిల్లల మీద మోపకూడదన్నది మూడో సెక్షన్ సారం. అంటే ఇక్కడ బాకీదారు ప్రభుత్వం, రావలసినది పిల్లలకు. బాకీ తీర్చేవాడు వేదికెక్కి దండలు వేయించుకోవడం, బాకీ వసూలైనవాళ్లు కింద కూర్చుని కృతజ్ఞతగా చప్పట్లు కొట్టడం అనే పద్ధతి నరసరావుపేటలో ఏ దుకాణం చిట్టా తిరగేసినా కనబడదు.

అదే చట్టంలోని పన్నెండో సెక్షన్ ప్రైవేటు బడుల ప్రవేశ తరగతిలో నాలుగోవంతు సీట్లను బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా కేటాయించమంటుంది. చట్టం అమల్లోకి వచ్చిన పన్నెండేళ్ల తర్వాత ఆ పని మొదలుపెట్టిన రాష్ట్ర ప్రభుత్వం, 2023లో ఈ ఉచిత సీటుకు పట్టణాల్లో 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలుగా ఫీజు ఖరారు చేసి, ఆ సొమ్మును తల్లిదండ్రులు, పిల్లలను బడికి పంపినందుకు ఏటా తమ ఖాతాలో పడే అమ్మఒడి సాయం డబ్బులోంచి కట్టుకోవాలని సెలవిచ్చింది. ఆ అమ్మఒడి కూడా చెప్పడానికి 15,000 రూపాయలేగాని, 2022లో చేతికి వచ్చింది 13,000. మిగతా రెండు వేలు మరుగుదొడ్ల, బడుల నిర్వహణకు ముందే మినహాయించారు. ఉచిత సీటుకు ఫీజు ఉంది, ఫీజు కట్టుకోవడానికి సాయం ఉంది, సాయంలో కోత ఉంది. 2024లో ప్రభుత్వం మారి, 2025లో పథకం పేరు ‘తల్లికి వందనం’గా మారినా, మరుగుదొడ్డి వాటా మాత్రం ఎవరికీ తలవంచకుండా అదే రెండు వేల దగ్గర నిలబడింది.

ఇక సంచి. 2023 జూన్ 12న పల్నాడు జిల్లా క్రోసూరులో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి ‘జగనన్న విద్యాకానుక’ నాలుగో ఏటి పంపిణీని ప్రారంభించారు. పాఠ్యపుస్తకాలు, నోటుపుస్తకాలు, మూడు జతల యూనిఫాం గుడ్డ, బూట్లు, సాక్సులు, బెల్టు, నిఘంటువు కలిసిన ఆ కిట్టును రాష్ట్రమంతటా 43 లక్షల పైచిలుకు పిల్లలకు వెయ్యి కోట్లకు మించిన ఖర్చుతో అందిస్తున్నట్టు ప్రకటించారు. మిర్చి కోతల కూలితో ఇల్లు నడిపే తల్లికి ఈ కిట్టు ఎంత బరువు దించుతుందో ఎరిగినవారెవరూ దాన్ని తక్కువ చేయలేరు. వెక్కిరింపుకు పాత్రమైనది వస్తువు కాదు, దాని మీది పేరు. చట్టంలో హక్కుగా ఉన్నది సంచి మీదికి వచ్చేసరికి ఒక అన్నయ్య పెట్టిన కానుకగా మారింది. తర్వాత వచ్చిన ప్రభుత్వం అన్నయ్య పేరు తీసేసి, కిట్టుకు ‘సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర’ అని నామకరణం చేసింది. పదవిలో ఉన్న నాయకుడి స్థానంలో గతించిన తత్త్వవేత్తను కూర్చోబెట్టడం మెరుగైన అభిరుచేగాని, చిక్కల్లా ఆ తత్త్వవేత్త సరిగ్గా ఈ విషయం మీదే రాసిపెట్టడంలో ఉంది.

1926లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసి, మరుసటి ఏడు ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’గా పుస్తకరూపం ఇచ్చిన ఉపన్యాసాల్లో రాధాకృష్ణన్ కర్మకూ స్వేచ్ఛకూ గల సంబంధాన్ని పేకాటతో పోల్చారు. చేతికి వచ్చే ముక్కలు గతాన్నిబట్టి పడతాయి, వాటిని ఎంచుకునే వీలు ఆటగాడికి లేదు. ఆ ముక్కలతో ఎలా ఆడాలన్నది మాత్రం అతని ఇష్టం, స్వేచ్ఛ అంతా అక్కడే ఉందని ఆయన భావం. 1958లో తత్త్వవేత్త ఐజయా బెర్లిన్ స్వేచ్ఛను మరో విధంగా విడదీశాడు. ఎవరూ అడ్డుపడకపోవడం ఒక స్వేచ్ఛ, దాన్ని అభావాత్మక స్వేచ్ఛ అంటారు. తన బతుకును తానే నడుపుకోగలగడం మరొకటి, అది భావాత్మక స్వేచ్ఛ. ఈ తత్త్వవేత్తలిద్దరిలో ఏ ఒక్కరూ స్వేచ్ఛను ధరతో కొలవలేదు. పంచినవాడే పిల్లల చేతిలోని ముక్కలు కూడా ఆడేసే ఆటను రాధాకృష్ణన్ ఊహించినట్టు లేదు. ఆ ఆట పేరు ట్యాబ్.

2022 డిసెంబర్ 21న, అప్పటి ముఖ్యమంత్రి జగన్ పుట్టినరోజున, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకూ ఉపాధ్యాయులకూ కలిపి 5,18,740 ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ట్యాబ్ ఖరీదూ, అందులో నింపిన బైజూస్ కంపెనీ పాఠాల ఖరీదూ కూడి, ఒక్కో విద్యార్థికి 32,000 రూపాయలకు పైగా లబ్ధి అని వేదిక మీదే లెక్క చెప్పారు. ఉచితంగా ఇచ్చినదాని ఖరీదును ఇంత గట్టిగా చాటడం ఈ రంగంలో ఒక సంప్రదాయం. పిల్లలు చూడకూడనిది చూడకుండా ట్యాబ్‌లో మొబైల్ డివైస్ మేనేజ్‌మెంట్ అనే ఏర్పాటు ఉందని కూడా చెప్పారు. దూరాన ఉన్న ఒక అడ్మిన్ ఏ యాప్ తెరుచుకోవాలో, ఏ సెట్టింగ్ మారాలో నిర్ణయించి, మిగతాదంతా మూసిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. రెంటచింతల ఎండలో నడిచి ఇంటికి చేరిన ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ ట్యాబ్‌లో తనకు నచ్చిన తెలుగు నిఘంటువు యాప్ వేసుకోబోయిందనుకుందాం. తెర మీద ప్రత్యక్షమయ్యేది అనుమతి లేదనీ, అడ్మిన్‌ను సంప్రదించాలనీ చెప్పే సందేశం. ట్యాబ్ ఆమెది, తాళంచెవి అమరావతిది.

ఇందులోని అసలు హాస్యం తెర వెనుక ఉంది. ఆ ట్యాబ్ నడిచేది ఆండ్రాయిడ్ మీద, ఆండ్రాయిడ్ నిలబడింది లినక్స్ కెర్నెల్ మీద. యంత్రానికీ యాప్‌లకూ మధ్య నిలిచి పని నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను కెర్నెల్ అంటారు. ఆ కెర్నెల్ జీపీఎల్ అనే లైసెన్సు కింద విడుదలైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆ ఉద్యమానికి నాలుగు స్వేచ్ఛలను పునాదిగా పెట్టాడు: ప్రోగ్రామ్‌ను ఏ పనికైనా వాడుకోవడం, అది ఎలా పనిచేస్తుందో మూలకోడ్ చూసి తెలుసుకుని మార్చుకోవడం, ప్రతులను ఇతరులకు పంచడం, మార్చిన ప్రతులను కూడా పంచడం. డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా ఈ నాలుగింటికీ పట్టింపు లేదు. మూలకోడ్ ఇచ్చి, మార్చిన కోడ్‌ను మాత్రం యంత్రంలో నడవనివ్వని కంపెనీల చాకచక్యాన్ని అడ్డుకోవడానికి కూడా 2007లో జీపీఎల్ మూడో రూపం వచ్చిందిగాని, లినక్స్ కెర్నెల్ రెండో రూపం దగ్గరే ఆగిపోయింది. సర్కారు తాళం పడింది ఆ కెర్నెల్ మీద నిలబడిన యంత్రానికే. స్వేచ్ఛ కోసం రాసిన కోడ్ మీద తాళం బిగించి, దానికి ఉచితం అని చీటీ అంటించడం సామాన్య ప్రతిభ కాదు.

అడ్డూ అదుపూ లేకపోతే పిల్లలు చెడిపోతారన్న వాదన ఎలాగూ వస్తుంది. స్వేచ్ఛగా ఉండమని మనిషిని బలవంతపెట్టవచ్చని 1762లోనే రూసో రాశాడు కాబట్టి, ఈ వాదనకు పెద్దమనుషుల అండ కూడా ఉంది. పదమూడేళ్ల పిల్లలకు కొంత కాపలా అవసరమేననుకున్నా, ఆ కాపలా వాళ్లను బాగా ఎరిగిన హెడ్‌మాస్టరు చేతిలోగాని, తల్లిదండ్రుల చేతిలోగాని ఉండాలి. కొందరు పిల్లలు లాక్ తీసేసి ఆటలు ఆడుతున్నారని అప్పట్లో ఫిర్యాదులు వినిపించాయి. యంత్రం ఎలా పనిచేస్తుందో కనిపెట్టడం అనే రెండో స్వేచ్ఛను ఎవరూ నేర్పకుండానే సాధన చేసింది ఆ పిల్లలు మాత్రమేనని విద్యాశాఖ గుర్తించి ఉంటే, వాళ్లకు చీవాట్లకు బదులు కంప్యూటర్ మార్కులు పడేవి.

తాళం బిగించిన పాఠాల యజమానికి తర్వాత ఏమైందో లోకానికి తెలుసు: 2024 జూలైలో బైజూస్ మాతృసంస్థ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. కంపెనీ సొత్తైన పాఠాన్ని ఉపాధ్యాయుడు కాపీ చేయలేడు, దిద్దలేడు. కంపెనీ కుంగితే పాఠాన్ని ముందుకు తీసుకుపోయే హక్కు ఎవరికీ మిగలదు. ఇతర దారులు లేకనా అంటే, అదే సంచిలోని పాఠ్యపుస్తకాల మీద ముద్రించిన క్యూఆర్ కోడ్‌లు 2017లో మొదలైన కేంద్రప్రభుత్వ దీక్ష వేదికకు తీసుకుపోతాయి. ఆ వేదిక సన్‌బర్డ్ అనే బహిరంగ కోడ్ మీద నడుస్తుంది. హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను, పిల్లల కోసం ప్రత్యేకంగా బాలస్వేచ్ఛను తయారుచేసింది. కేరళ తన సర్కారు బడుల కంప్యూటర్లను ఏనాడో లినక్స్‌కు మార్చుకుంది. ఇవన్నీ చౌకగా, తాళం లేకుండా దొరికేవి కావడమే వీటి లోపం కాబోలు, వీటికి పుట్టినరోజు సభల యోగం పట్టలేదు.

ఈ తేడాను పల్నాడుకు వేరెవరో వచ్చి నేర్పవలసిన అవసరం లేదు. పన్నెండో శతాబ్దపు బ్రహ్మనాయుడి చాపకూడును కారంపూడి వీరుల ఆరాధనోత్సవాల్లో ఇప్పటికీ తలుచుకుంటున్నది తిండికి డబ్బు పుచ్చుకోలేదన్నందుకు కాదు. ఏ కులంవారైనా ఒకే చాప మీద పక్కపక్కన కూర్చోవచ్చన్నందుకు. నూరేళ్ల కిందట అడవిలో పశువులను మేపుకున్నందుకు బ్రిటిష్ సర్కారు పుల్లరి పన్ను అడిగినప్పుడు, మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు ఉచిత పశుగ్రాస పథకం కోసం అర్జీ పెట్టుకోలేదు. అడవి మీద ఊరికి హక్కుందన్నాడు, పన్ను కట్టనన్నాడు, 1922లో తూటాలకు బలయ్యాడు. ఏలినవారు గడ్డిమోపుల మీద తమ బొమ్మ వేయించి పంచిపెట్టి ఉంటే ఆ సత్యాగ్రహం అవసరమే ఉండేది కాదని నేటి పథక రచయితలు అనుకుంటారేమో.

అందుచేత వచ్చే టెండరులో మూడు షరతులు చేర్చవచ్చు. ప్రజాధనంతో కొన్న ప్రతి పాఠాన్నీ ఏ ఉపాధ్యాయుడైనా కాపీ చేసి, దిద్ది, పంచుకునే బహిరంగ లైసెన్సు కింద విడుదల చేయాలి. ట్యాబ్ తాళం బడి చేతిలో ఉండి, పదో తరగతి ముగిసిన రోజున పూర్తిగా తీసేసి, యంత్రాన్ని పిల్లలకు సొంతం చేయాలి. సంచి మీద ఏ మహానుభావుడి పేరూ లేకుండా, విద్యాహక్కు చట్టం మూడో సెక్షన్‌ను తెలుగులో అచ్చువేయాలి. ఈ మూడింటికీ ఖజానా మీద చెప్పుకోదగ్గ భారమేమీ పడదు. ఎన్ని కోట్లు గుమ్మరించిందీ చెప్పుకోవడానికి వాటిలో ఏమీ ఉండదు కాబట్టి, నిజంగా ఉచితమైన ఈ ఒక్క పథకం ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ కనబడదు.