16 యూరోల బిళ్ల

నేను పుట్టింది పొగాకు కొట్లో. ఇటలీలో ‘టి’ అక్షరం బోర్డు కట్టిన ఆ కొట్లలో సిగరెట్లతో పాటు మమ్మల్నీ అమ్ముతారు. మా ఇంటిపేరు మార్కా ద బోల్లో. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే రెవెన్యూ స్టాంపు. పూర్వం మావాళ్లూ కట్టలు కట్టలుగా అచ్చయ్యేవారు. 2007 సెప్టెంబరు నుంచి ఆ వైభవం లేదు. అడిగినప్పుడే మిషన్ కొట్టి చేతిలో పెడుతుంది. ఒంటి మీద హోలోగ్రామ్, 14 అంకెల నంబరు, పుట్టిన తేదీ, గంట, నిమిషం, సెకను. జాతకం రాయడానికి ఇంకేం కావాలి? దోషం కూడా ఆ తేదీలోనే ఉంది.

నన్ను కొన్నది గుంటూరు కుర్రాడు. మిలాన్ దగ్గర చదువు. చలికాలం సాయంత్రాలు స్నేహితులతో షటిల్ ఆడాలని ఆశ. బయట గాలికి కాక్ నిలవదు, ఆడితే ఊరి బడి వ్యాయామశాలలోనే ఆడాలి. బడివేళలు దాటాక ఇలాంటివి బయటివాళ్లకు ఇవ్వొచ్చని 1977 నాటి చట్టం చెబుతోంది. ఇచ్చేది మునిసిపాలిటీ, సరేననాల్సింది బడి కౌన్సిలు. అర్జీ మీద మాత్రం నేనుండాలి. ఒలింపిక్ కమిటీ గుర్తింపున్న ఔత్సాహిక క్లబ్బులకు 2019 నుంచి నాతో పనిలేదు. ఏ క్లబ్బూ లేని ఇలాంటివాళ్లే నాకు దిక్కు.

రూపాయల్లో లెక్కేసి గుటక మింగాడు. కొత్తేమీ కాదులెండి, దేశంలో దిగిన 8 పనిదినాల్లో పెట్టాల్సిన నివాస అనుమతి దరఖాస్తుకూ మా అన్నొకణ్ణి కొన్నాడు.

సోమవారం పొద్దున కౌంటర్ దగ్గర గుమాస్తా అర్జీ చూసి, నన్ను చూసి, పెన్సిలు మొన నా తేదీ మీద పెట్టింది. అర్జీ ఆదివారం రాసింది, నేను సోమవారం పుట్టాను. కాగితం కంటే బిళ్ల వయసులో చిన్నదైతే బిళ్ల లేనట్టే లెక్క. ఇంకా అతికించలేదు కాబట్టి నేను బతికిపోయాను.

ఆ రాత్రి మళ్లీ రాత. బల్ల మీద ఉప్పుడబ్బా పక్కన పడుకుని అంతా విన్నాను. కుర్రాడు ‘వోల్యో’ అని మొదలెట్టాడు, నాకు కావాలి అని. పక్కగది సీనియర్ కొట్టేశాడు.

“పీక మీద కూర్చున్నట్టుందిరా. కాఫీ అడగడానిక్కూడా వొర్రెయ్ అంటాం. అర్జీలో అదీ పనికిరాదు. ‘ఇల్ సొత్తొస్క్రిత్తో కియెదె’ అని రాయి. కింద సంతకం చేసినవాడు అడుగుతున్నాడు.”

“ఎవడో అడుగుతున్నట్టా అన్నా?”

“ఆఁ. మేయరుగారిని లేయ్ అనాలి.”

“లేయ్ అంటే ఆమె కదా! ఆయన మగాడు.”

“మగాడైనా ఆమే.”

నాకు నవ్వొచ్చింది. మీరు ఒక్కణ్ణి పదిమందిని చేసి గౌరవిస్తారు, మావాళ్లు ఆడమనిషిని చేసి. ‘తమ దొరతనం’ లాంటి పాత సంబోధన మా భాషలో స్త్రీలింగం, దాని బదులు వచ్చిందే ఈ ‘ఆమె’. 1938లో ముస్సోలినీ దాన్ని మాన్పించి ‘వోయ్’ అనమన్నాడు. ఆయన పోయాడు, ఆమె ఉంది.

మిగతాదంతా తేలిక. ఏ రోజులు, ఎన్ని గంటలకు, ఎంతమంది, బీమా ఉందా, బూట్ల అడుగులు శుభ్రమేనా. నా ఒంటి మీదుగా తేదీ రాసి సంతకం గీశారు. అదే నా చావు, ఇక మరో కాగితానికి పనికిరాను. చచ్చాక నా చోటు ఫైల్లో.

మూడువారాలకు అనుమతి వచ్చింది, మంగళవారం, గురువారం, రాత్రి 9 తర్వాత. కాకపోతే అనుమతి పత్రానికీ ఒక బిళ్ల కావాలన్నారు. కుర్రాడు మళ్లీ పొగాకు కొట్టుకు వెళ్లాడు. తిరిగొచ్చి గుమ్మంలో ఆగి “పెర్మెస్సో?” అన్నాడు. లోపలికి రావచ్చా అని. అతని నివాస పత్రం పేరులోనూ ఉన్నది ఆ మాటే. అవాంతి, రండి, అంది గుమాస్తా. మా తమ్ముణ్ణి కౌంటర్ మీద పెట్టి, ఆవిడ పెన్సిలు తీయకముందే, తేదీ మీద తనే వేలు పెట్టి చూపించాడు.