చాకీ గదిలో కుంపటి

నేను చేసిన తెలివితక్కువ పని ఒక్క రాత్రిది కాదు. ఏళ్ల తరబడి ప్రతి చలికాలం చేశాను, బాగా చేస్తున్నానని గర్వపడ్డాను, పైగా పదిమందికి నేర్పాను.

హిందూపురం సముద్రమట్టానికి 600 మీటర్లకు పైనే ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మా ఊళ్లో చేతులు కొంకర్లు పోతాయి. ఆ చలి పట్టుపురుగుకు పడదు. గుడ్డులోంచి బయటికొచ్చిన చాకీ పురుగుకు 27, 28 డిగ్రీల వేడి కావాలి. చలి తగిలితే మేత తగ్గిపోతుంది, కొన్ని ముందు ఎదుగుతాయి, కొన్ని వెనకబడతాయి, అన్నీ ఒకేసారి జ్వరానికి, అంటే పొర విడిచే నిద్రకు, కూర్చోవు. ఈమధ్య చాలామంది చాకీ కేంద్రాల నుంచి రెండో జ్వరం దాటిన పురుగుల్నే తెచ్చుకుంటున్నారు. నేను మాత్రం వంటింటి పక్క గదిలో నేనే మేపేవాణ్ణి.

గది వెచ్చబెట్టడానికి నాకు తెలిసిన పద్ధతి బొగ్గుల కుంపటి. కట్టెలైతే పొగ వస్తుంది, పొగ పురుగుకు చేటు. అందుకని బొగ్గుల్ని వాకిట్లోనే రాజేసి, ఎర్రగా కణకణలాడాక లోపలికి తెచ్చేవాణ్ణి. పొగ లేదు, వాసన లేదు. తెల్లార్లూ ఆరకుండా పైన బూడిద కప్పేవాణ్ణి. వేడి బయటికి పోకుండా కిటికీ సందుల్లో, పైనున్న గవాక్షంలో గోనెసంచులు కుక్కేవాణ్ణి. థర్మామీటరు 27 చూపిస్తే ఇంక నాకు కావలసింది లేదు. కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ మాకు దగ్గరే, అడిగితే గాలి ఆడనివ్వమని చెప్పి ఉండేవాళ్లు. అడగాలని నాకు తోచనే లేదు.

ఆ గదిలో అమ్మ పడుకునేది. వెచ్చగా ఉంటుందని నేనే పక్క వేయించాను.

నన్ను ఇప్పటికీ నిద్ర పోనివ్వనిది ఆమె ఆసుపత్రి పాలైన రోజు కాదు, అంతకు ముందటి రోజులు. పొద్దున్నే లేచి "తల దిమ్ముగా ఉందిరా నాయనా, కడుపులో తిప్పుతోంది" అనేది. మంచు పడింది, చలికి అలాగే ఉంటుందన్నాను. మాత్ర ఇచ్చాను. ఎండ పొడిచి, వాకిట్లో కాసేపు కూర్చుంటే తగ్గిపోయేది. బయటికొస్తే తగ్గే నొప్పి గదిలో ఉండి వస్తోందని చిన్నపిల్లవాడికైనా తట్టాలి. నాకు తట్టలేదు. ఆ మాత్రమైనా తట్టకపోవడానికి కారణం ఉంది, అదే నా మూర్ఖత్వానికి అసలు వేరు: నేను పురుగుల్ని చూసి గదిని అంచనా వేశాను. పురుగులు చలాకీగా ఆకు తింటున్నాయి. ఇంత సుకుమారమైన ప్రాణికి బాగున్న గాలి మనిషికి బాగుండదా అనుకున్నాను.

ఒకరోజు తెల్లవారుజామున మేత వేయడానికి మా ఆవిడ తలుపు తీసేసరికి అమ్మ గోడకు జారగిలబడి ఉంది. వాంతి చేసుకుంది. లేవబోతే కాళ్లు నిలవలేదు, పిలిస్తే మాట తడబడింది. మా ఆవిడ ముందు ఆమెను వాకిట్లోకి లాక్కొచ్చింది, తర్వాతే నన్ను కేకేసింది. అమ్మ ప్రాణాన్ని నిలబెట్టింది ఆ పనే. 108కి ఫోన్ చేశాం. ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి మాట: "రాత్రి గదిలో కుంపటి పెట్టుకున్నారా?"

మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. అప్పుడు తెలిసింది నాకు. గాలి చాలకుండా మండే బొగ్గు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువును వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. మామూలు గాలిలో ఉంటే రక్తంలో అది సగం తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. పట్టుపురుగుకు మనలా ఎర్రరక్తం లేదు. ఒంటికి రెండు పక్కలా ఉన్న సన్నని రంధ్రాల్లోంచి గాలి గొట్టాల ద్వారా నేరుగా లోపలికి చేరుతుంది. అమ్మ కూలిపోయిన గదిలో అవి ఆకు తింటూ ఉండటానికి కారణం అదే.

అమ్మ కోలుకున్నాక పెనుకొండ నుంచి ఒక మేస్త్రీని పిలిపించాను. వయసులో ఉన్నప్పుడు ప్రకాశం జిల్లాలో పొగాకు బ్యారన్లు కట్టిన మనిషి. అక్కడ పొయ్యి నోరు గోడ బయట ఉంటుంది. లోపల రేకు గొట్టాలు మాత్రమే తిరుగుతాయి, ఆకు ఆ వేడికే ఆరుతుంది. మా గదికీ అలాగే కట్టాడు. కట్టెలు బయట నుంచే వేస్తాం. లోపలికి వచ్చే గాలి వేరు, మంటకు అందే గాలి వేరు. గొట్టం అతుకుల దగ్గర పై ముక్కను కింది ముక్క లోపలికి దించాడు, లోపల చేరే తారు కారితే పొయ్యిలోకే పోవాలని. తట్టల స్టాండు, గోనె పరదాలు గొట్టానికి మూడడుగుల దూరం జరిపించాడు. కప్పు మీద గొట్టాన్ని మూడడుగులు పైకి లేపి, పక్కనున్న మా పిట్టగోడ కన్నా ఎత్తుగా ఉందో లేదో తాడు పట్టి చూసుకున్నాడు. తక్కువైతే గాలి తిరగబడి పొగ వెనక్కి దిగుతుందట. గోనెసంచులన్నీ పీకించి, గవాక్షానికి దోమతెర కొట్టించాడు. వేడికి గది పొడిబారకుండా వెడల్పాటి బేసిన్లో నీళ్లు పెడుతున్నాం. పొయ్యిలోకి ఆకు దూసేసిన మల్బరీ పుల్లలే, కాని బాగా ఎండినవే వేస్తాం. పచ్చివైతే గొట్టం నిండా తారు పట్టి, ఏదో ఒకరోజు గొట్టమే అంటుకుంటుంది. అందుకే ప్రతి పంటకూ గొట్టం విప్పి దులుపుతున్నాను. ఆ గదిలో ఇప్పుడు ఎవరూ పడుకోరు.

ఇంత చేసినా ఒక పని మిగిలింది. ధర్మవరంలో మా బావకు గుంతమగ్గం ఉంది. తుపాను వానలప్పుడు గుంతలో తేమ ఊరి కాళ్లు చల్లబడతాయి, పట్టు పడుగు మెత్తబడుతుంది. గుంత పక్కన నిప్పుల కుంపటి పెట్టుకుని, తలుపులు మూసి నేసుకోమని చెప్పింది నేనే. అమ్మను చేర్పించిన రోజే ఆసుపత్రి వరండాలోంచి ఫోన్ చేసి, వెంటనే తీసెయ్ బావా అన్నాను. "నువ్వే కదప్పా మంచిదంటివి" అన్నాడు. ఔను, నేనే చెప్పాను, నాకు తెలియక చెప్పాను, అమ్మ ఇక్కడ మాస్కు పెట్టుకుని ఉంది అన్నాను. బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, అక్కకు కూడా పొద్దున పూట తలనొప్పి వస్తోందని చెప్పాడు.

ఆ రోజే కుంపటి బయట పెట్టేశారు, అక్క తలనొప్పి పోయింది. కాని వాన పట్టిన రోజుల్లో మగ్గం ఆగిపోతోంది, చీర ఆలస్యమైతే కూలి ఆలస్యం. మా గదికి పెట్టినట్టు బయట పొయ్యి పెట్టడం కష్టం, వాళ్ల ఇల్లు వరసలో నడిమిది, రెండు పక్కలా గోడ కలిసే ఉంది. వీధి వైపు గోడలోంచి గొట్టం తీయవచ్చేమోనని మేస్త్రీని అడిగాను. చూడకుండా చెప్పలేనన్నాడు. వచ్చే ఆదివారం ఇద్దరం ధర్మవరం వెళ్తున్నాం.