కుర్చీ ఎక్కినవారికి కొన్ని మెలకువలు

నెల్లూరు తీరంలోని ఏదో ఒక మండలానికి బదిలీ మీద వచ్చిన అధికారి కోసం, మొదటిసారి గెలిచి శాలువా కప్పించుకున్న ప్రజాప్రతినిధి కోసం ఈ నాలుగు మాటలు. సర్కారు సొమ్మును బాధ్యతగా ఖర్చుపెట్టడం ఎలాగో తెలియక చాలామంది కొత్తల్లో కంగారు పడుతుంటారు.

ఆర్థిక నియమావళిలో ఒక సూత్రం ఉంది. ఇంగితమున్న మనిషి తన సొంత డబ్బు విషయంలో ఎంత జాగ్రత్తగా ఉంటాడో, ప్రజల సొమ్ము విషయంలో ఉద్యోగి కూడా అంతే జాగ్రత్తగా ఉండాలని. చదివి బెదిరిపోకండి. సొంత డబ్బుతో మనమేం చేస్తాం? కయ్య అమ్మి పెళ్లి పందిరి వేస్తాం. అదే జాగ్రత్త ఇక్కడా చూపిస్తే సూత్రం పాటించినట్టే.

ఇక పనిలోకి దిగుదాం. పని కంటే ముందు శంకుస్థాపన రాయి. రాయికి కరెంటు బిల్లు రాదు, మరమ్మతులుండవు. ఈ విద్య నేర్వాలంటే రామాయపట్నం దాకా పోయి రావాలి. 2019 జనవరి 9న చంద్రబాబు నాయుడు అక్కడ ఓడరేవుకు శంకుస్థాపన చేశారు. ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. 2022 జులై 20న జగన్మోహన్ రెడ్డి అదే రేవుకు మళ్లీ భూమిపూజ చేశారు. ఒకే పనికి రెండు కొబ్బరికాయలా అని ఎవరైనా అడిగితే తడుముకోవద్దు. మొదటి కాయ కొట్టినప్పుడు ఆ ఊరు ప్రకాశం జిల్లా, రెండోది కొట్టేనాటికి నెల్లూరు జిల్లా. ఆ జిల్లా కాయ వేరు, ఈ జిల్లా కాయ వేరు.

రేవే లేకుండా సరిపెట్టడం పై చదువు. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూల్లో దుగరాజపట్నం రేవు ఉంది, మొదటి దశ 2018 నాటికి పూర్తి చేయాలని కూడా ఉంది. గిట్టుబాటు కాదన్నారు, పక్కన శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉందన్నారు, 2018 వచ్చి వెళ్లింది. ఓడ రాలేదు. చట్టంలో రాసిన రేవు చట్టంలోనే భద్రంగా ఉంది, దొంగల భయం లేదు. పైగా 2022లో వాకాడు మండలంతో పాటు ఆ ఊరూ తిరుపతి జిల్లాలో కలిసింది. ఉత్తరాన ఒక రేవు జమ, దక్షిణాన ఒక రేవు ఖర్చు. నెల్లూరు పద్దు సరిపోయింది.

గోడలను చిన్నచూపు చూడొద్దు. పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ రంగులు వేస్తే హైకోర్టు కాదంది. మట్టిరంగు పట్టీ ఒకటి చేర్చి కొత్త జీవో తెస్తే అదీ కొట్టేసింది. 2020లో వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయి, అక్కడా కాదనిపించుకుని, రంగులు తీయాల్సి వచ్చింది. వేసిన కూలి ఒకటి, గీకిన కూలి ఒకటి, మళ్లీ వేసిన కూలి ఇంకొకటి, నడుమ వకీళ్ల ఫీజులు. ఒక్క గోడ ఇంతమందికి అన్నం పెట్టడం మీరెక్కడైనా చూశారా?

మార్చి నెల వచ్చిందంటే నిద్ర మానుకోవాలి. ఏడాది చివర హడావుడిగా ఖర్చుపెట్టడం తప్పని కేంద్ర ఆర్థిక నిబంధనలు చెబుతూనే ఉంటాయి. మిగిలిన డబ్బు మురిగిపోకుండా పర్సనల్ డిపాజిట్ (పీడీ) ఖాతాల్లోకి మళ్లిస్తే కాగ్ నివేదికలు తప్పుబడుతూనే ఉంటాయి. ఆ నివేదికలు లావుగా ఉంటాయి, తరచూ సమావేశాల చివరి రోజున సభ ముందుకొస్తాయి. అప్పటికి సభ్యులు రైలు టైము చూసుకుంటుంటారు.

రోడ్డు పొడవైతే టెండరు పిలవాలి, కాబట్టి ముక్కలు చేయాలి. రామాలయం దాకా ఒక పని, రామాలయం నుంచి వాటర్ ట్యాంకు దాకా ఒక పని. మన తీరంలో నేలంతా ఇసుక, అది ఇంకో సౌకర్యం. గ్రావెల్ తోలితే రెండు వానలకు కిందికి దిగిపోతుంది. పని కొలతలు ఎక్కించే ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు సరిగ్గా రాయండి, అవి టేపుకు దొరుకుతాయి. లోతు మాత్రం మీ ఉదారతకు వదిలేశారు.

అసలు ఈ తీరానికి దక్కిన వరం తుపాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే వాయుగుండాల్లో చేసిన పనీ చేయని పనీ ఒకేలా కొట్టుకుపోతాయి. బిల్లు నవంబరుకు ముందు, తనిఖీ డిసెంబరు తర్వాత. ఈ ఒక్కటీ గుర్తుంటే చాలు, మిగతాది సముద్రం చూసుకుంటుంది.

తుపాను షెల్టరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఒక పాలెంలో ఉన్నదాన్ని ఆమధ్య చూశాను. ఉప్పుగాలికి కమ్మి ఉబ్బి, స్తంభాల సిమెంటు పెచ్చులు లేచి, లోపలి ఇనుము పుండులా బయటపడింది. మెట్ల మీద వలలు ఆరేశారు. తలుపుకు తాళం, తాళంచెవి నెల్లూరు టౌనులో ఎవరి దగ్గరో ఉందట. కొత్తగా ఉన్నదల్లా గోడమీద అంచనా విలువ రాసిన బోర్డు, పసుపు మీద నల్లక్షరాలతో. మెట్ల కింద చేపలు ఎండబెడుతున్న ముసలమ్మను తుపానొస్తే ఏం చేస్తారని అడిగాను. ‘‘గుడికాడికి పోతాం సారూ. దీన్ని మేం కాపాడతా ఉండాం గానీ, ఇది మమ్మల్ని కాపాడేదేంది?’’ అంది. చూశారా, నిర్వహణ బాధ్యత ప్రజల చేతికి అప్పగించడమంటే ఇదే.

ఇక గ్రామసభ. పెట్టక తప్పదు. పడవలు ఒడ్డుకు చేరి చేపల పాట జరిగే వేళకు పెట్టండి. వచ్చిన నలుగురి సంతకాలు తీసుకోండి, తక్కినవి తర్వాత వాటంతటవే వస్తాయి.

అయితే ఆ షెల్టరున్న పాలెంలోనే గంగమ్మ కొలుపు లెక్క ఎలా చెబుతారో ఒకసారి చూసి రండి, మీ మంచికే చెబుతున్నా. రాత్రిపూట, ఇసుకలో అందరూ కూచుంటారు. ఊరి పెద్ద, అంటే కాపు, ముందుంటాడు. స్కూలుకు పోయే పిల్లాడొకడు నోటుబుక్కు పట్టుకుని ట్యూబులైటు కింద గట్టిగా చదువుతాడు. పూలు ఇంత, మేళానికి ఇంత, టెంకాయలు నలభై. వెనకనుంచి ఒకామె లేస్తుంది: ‘‘యాడ నలభై? ముప్పై రెండే గదా కొట్టింది, నేను లెక్కబెట్టినా.’’ ఎనిమిది టెంకాయల దగ్గర అరగంట ఆగుతుంది సభ. మిగతా ఎనిమిదీ ఎవరింట్లో ఉన్నాయో తేలాక గానీ పిల్లాడు తర్వాతి పద్దు చదవడు.

అక్కడ కూచున్న ఆ మనుషులే లక్షల రూపాయల రోడ్డు గురించి నోరెత్తరు. ఎందుకంటే టెంకాయ డబ్బు తమదని వాళ్లకు తెలుసు. రోడ్డు డబ్బు గవర్నమెంటుదని అనుకుంటారు. మీ ఉద్యోగమంతా ఈ అనుకోవడం మీదే నిలబడి ఉంది. బోర్డు మీద ‘ప్రభుత్వ నిధులతో’ అని రాయించండి. ‘మీ పన్నులతో’ అని పొరపాటున కూడా రాయించకండి. ఇంకో చిక్కూ ఉంది. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలుపెట్టిన రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది. మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ప్రజావేదికలో పేర్లు చదివే ఆ అలవాటు టెంకాయల లెక్కకు దగ్గరి చుట్టం. రోడ్లకు, షెల్టర్లకు పాకకుండా చూసుకోవాల్సింది మీరే.

ఆఖరుగా ఒక గండం. 2005 అక్టోబరు నుంచి సమాచార హక్కు చట్టం అమల్లో ఉంది. ఎం-బుక్ నకలు కావాలని ఎవరైనా తెల్లకాగితం మీద రాసివ్వొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు రుసుము మన రాష్ట్రంలో జిల్లా స్థాయిలో 10 రూపాయలు, మండల స్థాయిలో 5. గ్రామ స్థాయిలో ఒక్క పైసా లేదు. ఈ పేజీ చదవడం అయ్యాక చింపి జేబులో పెట్టుకోండి. ఆ ట్యూబులైటు కింద పిల్లాడి చేతికి మాత్రం చిక్కనివ్వకండి.