వేయని స్లాబు పడదు

మొత్తానికి ఢిల్లీ కదిలింది. పిల్లలు కూర్చునే ప్రతి భవనాన్నీ తనిఖీ చేయండి, కట్టడం గట్టిదేనా, కరెంటు తీగలు సరిగ్గా ఉన్నాయా, మంటలొస్తే బయటపడే దారి ఉందా, అన్నీ చూసి రాయండి అని కేంద్ర విద్యాశాఖ 2025 జులై 26న రాష్ట్రాలన్నిటికీ తాఖీదు పంపింది. ఎందుకు పంపాల్సి వచ్చిందో మీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ మాట కాసేపు అవతల పెట్టండి. ముందు శుభవార్త వినండి.

ఈ తనిఖీలో దేశం మొత్తమ్మీద నూటికి నూరు మార్కులు కొట్టగల భవనం ఒకటి మా అనంతపురం జిల్లా బెళుగుప్ప మండలంలో ఉంది. ఊరి పేరు చెప్పను. చెబితే ఏ మహానుభావుడో వచ్చి దాన్ని పూర్తి చేసేస్తాడేమోనని భయం. పూర్తయిందా, మార్కులు పోయినట్టే.

అంగన్‌వాడీ భవనం అది. మామూలుది కాదు, కొయ్య చట్రం మీద నిలబడింది. జపాన్‌లోనో స్వీడన్‌లోనో పిల్లల బడి కొయ్యతో కడితే అట్ట మీద బొమ్మేసి పుస్తకాలు అచ్చేస్తారు. మనం కడితే గొర్రెలు తప్ప చూసే దిక్కు లేదు. గోడలు కప్పు ఎత్తుకి లేచాయి. స్లాబు వేయడానికి నీలగిరి కట్టెలు నిలబెట్టి సెంట్రింగ్ కొట్టారు, కమ్మీ కట్టారు. బిల్లు రాలేదు. సెంట్రింగ్ అతను వారం చూశాడు, నెల చూశాడు, ఒక తెల్లవారుజామున బండి తెచ్చుకుని ఇనుప షీట్లు ఎక్కించుకుపోయాడు. కట్టెల కిరాయి కంటే వాటిని మోసే కూలి ఎక్కువని కట్టెలు వదిలేశాడు. ఆ కట్టెలే ఇవాళ భవనానికి కాళ్లు, చేతులు, పక్కటెముకలు. పైన తుప్పు పట్టిన కమ్మీ, దాని పైన ఆకాశం.

టోక్యో పక్కన తచికావాలో ఫూజీ కిండర్‌గార్టెన్ అని ఒకటుంది. తెజుకా దంపతులు గీసిన నమూనా, 2007లో కట్టారు. అక్కడున్న పెద్ద చెట్లు కొట్టడానికి మనసొప్పక కప్పుకే కన్నాలు పెట్టి వాటిని పైకి పోనిచ్చారట. ప్రపంచమంతా మెచ్చుకుంటోంది. మనవాళ్లు ఇంకా ఉదారులు. చెట్టుకి కన్నం పెట్టడమేమిటి, కప్పే మానేశారు. నట్టింట్లో పిచ్చితుమ్మ పెరిగి ఇప్పుడు కమ్మీ సందులోంచి తల బయటపెట్టింది. ఆర్కిటెక్టు ఫీజు కూడా లేదు.

కొన్నేళ్లుగా ఈ నిర్మాణ ప్రగతిని శ్రద్ధగా గమనిస్తున్నాను. కళ్యాణదుర్గం పోయినప్పుడల్లా బస్సు దిగి ఓసారి చూసి పోతాను. ఆఫీసు వాళ్లూ అంతే శ్రద్ధగా ఫోటో తీసి పంపుతుంటారు, ఏ అక్షాంశమో ఏ రేఖాంశమో అందులోనే పడేలా. ఆ ఫోటోలన్నీ వరసగా పెట్టి చూస్తే భవనం మారదు గానీ మేక మారుతుంది. మొదటి ఫోటోలో బూడిదరంగు పిల్ల ఒకటి గుమ్మంలో నిలబడి ఉంది. తర్వాతి దాంట్లో కొమ్ములొచ్చాయి. ఆ తర్వాత అదే మేక రెండు పిల్లలకి పాలిస్తూ వంటగదిలో పడుకుని ఉంది. ప్రగతి లేదని ఎవరన్నారు? తల్లీబిడ్డల సంక్షేమం కళ్లెదుట జరుగుతుంటే.

డబ్బు లేదా అంటే, ఉంది. మూడు జేబుల్లో ఉంది. పని మొదలైన నాటి లెక్క ప్రకారం ఒక్కో భవనానికి 7 లక్షలు: ఉపాధి హామీ నుంచి 5, శిశు సంక్షేమం నుంచి 2. ఆ తర్వాత రేటు 12 లక్షలైంది: ఉపాధి హామీ 8, ఆర్థిక సంఘం నిధుల నుంచి 2, శిశు సంక్షేమం 2. ముగ్గురు మేనమామలు కలిసి పెళ్లి చేస్తామన్నట్టు. ఎవరి జేబులో చెయ్యి ముందు కదులుతుందోనని మిగతా ఇద్దరూ చూస్తున్నారు. పైగా ఉపాధి హామీలో కూలికి నూటికి 60 పోవాలని, సామాన్లకి 40 దాటకూడదని నియమం పెట్టారు. గుంత తీయమంటే మా ఊరివాళ్లు పాతాళం దాకా తీస్తారు. స్లాబుకి మాత్రం సిమెంటు కావాలి, సిమెంటు సామాను కిందికొస్తుంది. మా భవనం 7 లక్షల కాలంలో పుట్టి 12 లక్షల కాలంలోకి వచ్చింది కాబట్టి పాత ఫైలు దాన్ని వదిలేసింది, కొత్త ఫైలు చేరదీయలేదు.

మా మండలంలో పనులు జరగవని మాత్రం అనొద్దు. శ్రీశైలం నీళ్లు లిఫ్టుల మీద లిఫ్టులెక్కి, 216 కిలోమీటర్ల కాలువ నడిచి, 2012లో మా జీడిపల్లి రిజర్వాయరు చేరాయి. గుట్టల మీద గాలిమరలు నిన్న లేవు, ఇవాళ ఉన్నాయి. ఊరి సందులో మలుపు తిరగలేనంత పొడవు రెక్కల్ని లారీల మీద తెచ్చి ఆకాశానికి బిగించి పోయారు. ఆ గుట్టల కిందే 600 చదరపు అడుగుల గది మీదికి నాలుగు తట్టల కాంక్రీటు ఎక్కలేదంటే అది అశక్తత కాదు, ముందుచూపు.

ఆ ముందుచూపు ఈ తాఖీదుతో బయటపడింది. తనిఖీ బృందం ఎలాగూ వస్తుంది. పాపం, కరువు బృందాల్లాగే వాళ్లకీ టైముండదు. వచ్చామా, ఒక శెనక్కాయ చెట్టు పీకి చూశామా, కొబ్బరి బోండాం తాగామా, పోయామా అన్నట్టుంటుంది. అందుకని వాళ్ల శ్రమ తగ్గిద్దామని ఫారం నేనే నింపి పెట్టాను.

కప్పు పటిష్ఠంగా ఉన్నదా? కప్పు లేదు కనుక పడదు. దేశంలో ఏ ఐఐటీ ప్రొఫెసరూ ఇంతకన్నా గట్టి హామీ ఇవ్వలేడు. కరెంటు తీగల పరిస్థితి? తీగల్లేవు, షార్ట్ సర్క్యూట్‌కి ఆస్కారం లేదు. అగ్నిప్రమాదంలో బయటపడే మార్గాలు? తలుపుల్లేని గుమ్మాలు రెండు, రెక్కల్లేని కిటికీలు నాలుగు, ఇవి చాలకపోతే నేరుగా ఆకాశంలోకి. పిల్లల్ని ఖాళీ చేయించే కసరత్తు జరిపారా? జరిపాం. పునాది తీసిన రోజు నుంచి ఖాళీగానే ఉంది. ప్రమాదం ఏదైనా జరిగితే 24 గంటల్లో పైకి తెలపాలట. ఏమీ జరగడం లేదని ఏళ్ల తరబడి తెలుపుతూనే ఉన్నాం.

ఒక్క చోట మాత్రం కలం ఆగింది. ఆ స్థలంలో శిలాఫలకం ఉంది. నల్లటి గ్రానైటు, బంగారు రంగు అక్షరాలు. దాని పేర్లు ఎండకి వెలిసిపోకుండా పైన చిన్న సిమెంటు గొడుగు వేశారు. సైటు మొత్తంలో పూర్తయిన స్లాబు అదొక్కటే. నిజాయితీగా రాశాను: "పడే ప్రమాదమున్న కాంక్రీటు ఇక్కడ ఇదొక్కటే. పిల్లల్ని దూరంగా ఉంచాలి."

ఈ సూత్రాన్ని జాతీయ విధానం చేయాలని నా మనవి. స్లాబు దాకా వచ్చిన ప్రతి బడినీ అక్కడే ఆపేయాలి. వంతెనలు ఒక ఒడ్డున మొదలుపెట్టి నది మధ్యలో మానేయాలి. ఆస్పత్రికి లిఫ్టు గుంత తీసి వదిలేస్తే లిఫ్టు తెగదు. ఇంకా భద్రత కావాలనుకునేవాళ్లు పునాది దగ్గరే ఆగొచ్చు, మరీ జాగ్రత్తపరులు టెంకాయ కొట్టి ఇంటికి పోవచ్చు. మా జిల్లాకైతే కప్పు అసలే అనవసరం. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, అది కూడా చెప్పి రాదు. రానివాడి కోసం ఇంటికి తలుపు పెట్టుకుంటామా?

ఇంతకీ పిల్లలెక్కడున్నారని తనిఖీ ఫారంలో అడగలేదు. అడగకపోయినా చెబుతాను.

ఊరి నడుమ పాత మట్టి మిద్దె ఉంది, అద్దెకు. అసలు సిసలు కొయ్య చట్రం అక్కడుంది. దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద కట్టెపుల్లలు, ఆ పైన చవుడు మట్టి. ఏటా వానలకి ముందు చవుడు తోలించుకుంటే రెండు తరాలు నిలిచే కట్టడం. సొంతదారు బెంగళూరుకి వలసపోయాడు. చవుడు తోలించి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. నడి దూలానికి చెదలు పట్టాయి. వేలితో నొక్కితే రొట్టెలా దిగుతుంది. నొక్కి చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆ దూలం కింద మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు చాపల మీద కూర్చుని గుడ్డు తింటారు. అద్దె కొంప తమ లెక్కలోకి రాదని ఒక ఇంజనీరు సారు నాకు ఎంతో మర్యాదగా చెప్పారు.

ఇప్పుడు అవతల పెట్టిన మాట. జులై 25, శుక్రవారం. రాజస్థాన్, ఝాలావాడ్ జిల్లా, పిప్లోదీ. సర్కారు బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చచ్చిపోయారు. రాళ్లు రాలుతున్నాయని పిల్లలే ముందు చెప్పారనీ, చెప్పినా గదిలోనే కూర్చోమన్నారనీ బతికి బయటపడ్డ పిల్లల మాటగా పత్రికలు రాశాయి. అంటే తనిఖీ జరిగింది. ఆ పసివాళ్లే చేశారు. తలెత్తి చూశారు, ఉన్నదున్నట్టు చెప్పారు, 24 గంటలు కాదు, ఆ నిమిషానే చెప్పారు. తీసుకునే నాథుడు లేడు. వాళ్ల నోటి మాట చెల్లని దేశంలో ఇప్పుడు మనం ఫారాలు నింపుతున్నాం. తనిఖీకి ఆర్డరు ఒక్క రోజులో వచ్చింది. ఒక్క రోజులో ఆర్డరు రాయగల చేతులు అంతకు ముందు ఏం చేస్తున్నాయి? ఈ అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైంది 1975 అక్టోబర్ 2న. 2025 అక్టోబర్‌తో యాభై ఏళ్లు. సభలు పెడతారు, దీపాలు వెలిగిస్తారు. ఆ సభలకి వేసే షామియానా ఖర్చు ఎంతో నాకు తెలియదు గానీ, మా పిల్లల నెత్తిన కప్పు వేయడానికి మూడు జేబులు చాలలేదని మాత్రం తెలుసు. సిగ్గులేకుండా ఏళ్ల తరబడి మేక ఫోటోలు పైకి పంపారు, అంతకన్నా సిగ్గులేకుండా పైన వాటిని చూసి సరేనన్నారు.

మొన్న ఆ మిద్దెలోకి పోతే టీచరమ్మ లేదు, మీటింగుకి పోయింది. ఆయమ్మ ఉంది. దంతెల కింద ఒక పాత నీలం చీర, నాలుగు మూలలా మేకులు కొట్టి, పందిరిలా కట్టి ఉంది. నడిమధ్య బరువుకి కిందికి దిగింది.

"ఏంటమ్మా అది?"

"మన్ను రాలతాందన్నా. పిల్లోళ్ల గిన్నెల్లో పడకుండా కట్టినాం. పోయిన నెల దోసెడు పడింది, ఈ నెల చాటెడు."

చెబుతూనే గుడ్ల గిన్నె కింద పెట్టి, నడిమధ్య కూర్చున్న ఇద్దరు పిల్లల్ని చాపతో సహా గోడ వైపుకి లాగింది.