లేని రూలు

ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో చేసి రిటైరయ్యాను. రూలు చూడనిదే సంతకం పెట్టడని నాకు పేరు. అలాంటివాణ్ణి, లేని రూలు పట్టుకుని రెండుసార్లు వేలాడాను.

2023 వినాయక చవితి. హైదరాబాదులో మా అపార్టుమెంటుకు నేనే సెక్రటరీని. సెల్లారులో పందిరి, తొమ్మిది రోజులూ రోజుకో కుటుంబం పీటల మీద. మూడో రోజు 302 వంతు వచ్చింది. అందులో ఇద్దరమ్మాయిలు, ఒకమ్మాయి తల్లి ఉంటారు. వాళ్లిద్దరూ జంట అని అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటమే మా మర్యాద. లిఫ్టు పక్కన బోర్డు మీద పేర్లు రాస్తుంటే నా చెయ్యి ఆగింది. తల్లి పేరొక్కటే రాసి, పెద్ద ఉపాయం పన్నానని మురిసిపోయాను.

సాయంత్రం ఒకమ్మాయి వచ్చి, "అంకుల్, మా పేర్లు మర్చిపోయారా?" అంది.

"పంతులుగారు ఒప్పుకోరమ్మా" అన్నాను. ఆయన్ని నేను అడిగిందే లేదు. చాలదన్నట్టు, "పెద్దవాళ్లు అభ్యంతరపెడతారు, సంగతి సుప్రీంకోర్టులో కూడా ఉంది" అని తగిలించాను. ఉన్నమాట నిజమే. ఇలాంటి జంటల పెళ్లిని చట్టం గుర్తించాలన్న పిటిషన్ల మీద ఏప్రిల్, మే నెలల్లో పది రోజులు వాదనలు నడిచాయి. పిటిషను వేసినవాళ్లలో సుప్రియో, అభయ్ మా ఊరి జంటే. అటు జమియత్ ఉలేమా-ఎ-హింద్, ఇటు అఖిల భారతీయ సంత్ సమితి రెండూ వద్దన్నాయి. ఢిల్లీ తగాదాను తెచ్చి మా సెల్లారులో దించాను.

మా ఆవిడ విని, "ఏ పెద్దవాళ్లండీ? పేర్లు చెప్పండి" అంది. వేళ్లు మడిచి చూసుకున్నాను. నా పేరుకు ఒక్క వేలే మడత పడింది.

మూడో రోజు తల్లి ఒక్కతే పీట మీద కూర్చుంది. పంతులుగారు గోత్రనామాలు అడుగుతూ, "ఇంట్లో ఇంకా ఎవరెవరమ్మా?" అన్నారు. ఆవిడ తొణక్కుండా ఇద్దరమ్మాయిల గోత్రాలూ పేర్లూ చెప్పింది. ఆయన అన్నీ చదివి, 'సహకుటుంబానాం' అనేసి ముందుకు సాగిపోయారు. పాపం తెలియక చదివారనుకుని, స్కూటరు దాకా వెంటపడి ఆయన చెవిన వేశాను.

"నన్నడిగితే ఏమనేవాణ్ణో నాకే తెలీదు సార్. మీరు అడగనేలేదు. నేను ఒప్పుకోనని మాత్రం చెప్పేశారట, ఆ అమ్మాయి ఇందాకే అంది" అని ఆయన కిక్కు కొట్టి వెళ్లిపోయారు.

అయినా బుద్ధి రాలేదు. అక్టోబరు 17న తీర్పు వచ్చింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు జడ్జీలూ అన్నారు. "చూశావా!" అన్నాను మా ఆవిడతో. ఆవిడ చేటలో కందిపప్పు ఏరుతూనే, "బోర్డు మీద పేరు రాయొద్దని కూడా చెప్పారా?" అంది.

2024 ఆగస్టు 28న ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది. ఇలాంటి జంటలు జాయింటు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి ఏ ఆంక్షా లేదని. పేపరు చేతిలోంచి జారింది. వెనకెప్పుడో నా కౌంటరు ముందుకు ఇద్దరు ఆడవాళ్లు జాయింటు ఖాతా కోసం వచ్చారు. "మీరిద్దరూ ఏమవుతారు?" అన్నాను. "కలిసి ఉంటాం" అన్నారు. అక్కచెల్లెళ్లయితేనే కుదురుతుందని తిప్పి పంపేశాను. అలాంటి రూలు అప్పుడూ లేదు. లేదని నాకు అప్పుడే తెలుసు.

ఆ ఏడాది చవితికి బోర్డు మీద 302 ఎదురుగా మూడు పేర్లూ రాశాను. ఒకాయన వచ్చి శాస్త్రం ఒప్పుకోదని నిలదీశాడు. ఆయనతో వాదించాను గానీ, లోపల సిగ్గుపడ్డాను. ఆయన తన అభ్యంతరం తన నోటితో చెప్పాడు. నేను నా అభ్యంతరాన్ని ఒకసారి బ్యాంకు పేరున, ఒకసారి పంతులుగారి పేరున రాసేశాను. రెండు ఎంట్రీలూ తప్పే. రెండూ నా ఖాతాలోవే.